పాల ఏటిలో క్రోమియం మీగడ

పులుసుకు పిండేసిన చింతపండు పిప్పితో ఇత్తడి బిందె తోమి, ఆ కడుగునీళ్లు కరివేపాకు మొదట్లో పోసే ఇంట్లో పెరిగాను. అందుకే ఆమధ్య ఓ సదస్సులో తోళ్ల పరిశ్రమ పెద్దాయన ‘మా దగ్గర వ్యర్థమనేదే లేదండీ, అన్నీ మళ్లీ వాడేస్తాం’ అనగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాను. తర్వాత కూర్చుని లెక్క చూశాను. అదీ నేను చేసిన తప్పు.

టన్ను పచ్చితోలు లోపలికెళ్తే, తోలుగా బయటికొచ్చేది సుమారు 200 కిలోలు. మిగతాదంతా వెంట్రుకలు, గీకేసిన మాంసం పొరలు, కత్తిరింపులు, పొట్టు. తోలు ఊనడానికి డ్రమ్ములో పోసిన క్రోమియంలో అది పీల్చుకునేది 60-70 శాతం. మిగిలింది నీళ్ల వెంట ఊరు చూడ్డానికి బయల్దేరుతుంది.

దీనికి మందు లేదా అంటే, భేషుగ్గా ఉంది. ఆ నీళ్లలో మెగ్నీషియం ఆక్సైడ్ కలిపితే క్రోమియం ముద్దగా అడుక్కి దిగుతుంది. పైతేట వంపేసి, ముద్దను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తే మళ్లీ డ్రమ్ములోకే. 1948లో చెన్నైలో వెలసిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఈ పాఠం చెబుతూనే ఉంది. మాంసం పొరలతో బయోగ్యాస్, సున్నంలో నానిన ముక్కలతో జిగురు, జిలాటిన్. పొట్టుకు బంక కలిపి అదిమితే అట్ట. మన బూట్లలో పాదం కింద గొప్పగా పరుచుకునేది చాలాసార్లు అదే.

ఇంక పారేయడానికి ఏం మిగిలింది? ఈ ప్రశ్న పాలారు గట్టున నిలబడి మాత్రం వేయకండి.

నందికొండల్లో పుట్టి, మన కుప్పం వైపు ఓ 33 కిలోమీటర్లు నడిచి, తమిళనాట వాణియంబాడి, ఆంబూరు తోళ్ల ఊళ్లు దాటుతుందీ ఏరు. దీని మీద చెక్‌డ్యామ్ ఎత్తు గురించి రెండు రాష్ట్రాలూ కోర్టుకెక్కాయి. నీళ్ల ఎత్తు మీద ఉన్న పౌరుషం నీళ్ల రంగు మీద ఎవరికీ కనబడదు. టానరీల చుట్టుపక్కల దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పాడైందన్న అంచనాను ముందు పెట్టుకుని, 1996లో సుప్రీంకోర్టు ‘కలుషితం చేసినవాడే కట్టాలి’ అన్న సూత్రాన్ని ఖాయం చేసింది. టానరీకి తలా 10,000 రూపాయల జరిమానా కూడా వేసింది. ఇవాళ ఆ డబ్బుకు మంచి బూట్లు ఒక జత వస్తాయి. సాక్సులు వేరే కొనుక్కోవాలి.

అదే పాలారు ఒడ్డున, రాణిపేటలో టానరీలకు క్రోమియం రసాయనాలు చేసిన ఫ్యాక్టరీ ఒకటి, మూతపడుతూ 2 లక్షల టన్నులకు పైగా వ్యర్థాన్ని గుట్టపోసి వెళ్లింది. 2006లో ప్రపంచంలోని పది అతి కలుషిత ప్రాంతాల జాబితాకెక్కింది ఆ ఊరు. ఆ గుట్టను మళ్లీ వాడుకున్నది వాన ఒక్కటే. కురిసినప్పుడల్లా కాస్త కరిగించి భూగర్భంలో దాచింది.

ఢాకావాళ్లు మనకంటే రెండాకులు ఎక్కువే చదివారు. తమ హజారీబాగ్ పేటలోని టానరీల పొట్టును ఉడికించి, ఎండబెట్టి, కోళ్లకూ చేపలకూ మేతగా అమ్మారు. ప్రొటీనే కదా మరి! 2011లో అక్కడి హైకోర్టు ఇక చాలించమనాల్సొచ్చింది. బూటు కావలసింది కూరై కూర్చుంది.

మన మాదిగవాడల్లో లందలుండేవి, తోళ్లు నానేసే తొట్లు. సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ. అంతే సరంజామా. క్రోమియం పేరు వినకుండానే తోలు ఊనేవాళ్లు. ఆ చెప్పులేసుకునే ఊరు, వాసనొస్తుందని ఆ మనుషుల్ని మాత్రం పొలిమేర దాటించింది. ఇప్పుడు అంతకు పదింతల కంపుకొట్టే పనికి ‘వృత్తాకార ఆర్థిక వ్యవస్థ’ అని పేరు పెట్టి, ఏసీ హాల్లో శాలువా కప్పుతున్నాం.

అన్నట్టు, ఆ సదస్సు చివర్లో ప్రతినిధులందరికీ తలో తోలు ఫైలు బహూకరించారు. ఇంటికి తెచ్చి వాసన చూశాను.

రెక్సిను.