వాడరేవులో ఆఫ్ సీజన్

కార్తీకం గడిచి మార్గశిరం అడుగుపెట్టేసరికి చీరాలకు రెండు రకాల హెచ్చరికలు అందుతాయి. మొదటిది వాతావరణ శాఖది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది, వేటకు వెళ్లొద్దు అంటుంది. దాన్ని ఎవరూ వెక్కిరించరు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల పక్కనే తీరం దాటింది మరి. రెండోది అరచేతిలోని ఫోన్‌లోంచి వస్తుంది. చలికాలం వచ్చేసింది, కండరాలు బిగుసుకుంటాయి, ఆరుబయట తిరగడం తగ్గించండి, ఇంటి నాలుగు గోడల మధ్యే సాధన సాగించండి, వసంతం వచ్చేనాటికి సిద్ధంగా ఉండండి అంటుంది. ఈ రకంలో బాగా ముదిరింది గోల్ఫ్ వాళ్లది. ఆఫ్ సీజన్ నాలుగు నెలలూ నడుం తిప్పే కసరత్తు చేయాలట. తివాచీ మీద బంతి దొర్లించాలట. బంతి లేకుండానే అద్దం ముందు నిలబడి కర్ర ఊపాలట. కాళ్లకు, భుజాలకు బరువులెత్తాలట. మంచు కరిగి మైదానం తెరిచేలోపు ఒంటిని అదుపులో పెట్టుకోవాలట. సలహా చెడ్డది కాదు. కాకపోతే చీరాలలో మంచు ఏ తారీఖున కరుగుతుందో కూడా చెబితే పంచాంగాల్లో వేయించుకునేవాళ్లం.

చీరాలలో గోల్ఫ్ మైదానమే లేదు, ఈ సలహా ఎవరికి తగులుతుంది అని అడగొచ్చు. తగలాల్సినవాళ్లకే తగులుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె, చీరాల, ఏ ఊరు తీసుకున్నా వీధికి నాలుగిళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లలో కొందరికి ఉద్యోగంతో పాటు గోల్ఫ్ కూడా అబ్బింది. మిన్నియాపాలిస్‌లో జనవరి మధ్యాహ్నం కూడా సున్నా దాటదు కాబట్టి అక్కడివాళ్లు ఆటను నేలమాళిగలోకి మార్చుకుంటారు. తెర మీద పచ్చిక, తెర మీద ఆకాశం, తెర మీదే బంతి పడే గుంట. వాళ్లకు అది అవసరం. ఆ అవసరం ఆదివారం వీడియో కాల్‌లో సముద్రాలు దాటేసరికి ఆరోగ్య సూత్రమవుతుంది. "నాన్నా, చలికాలం. బయట నడవకండి, ట్రెడ్‌మిల్ ఆర్డర్ పెట్టాను" అంటాడు కొడుకు. నాన్న మంకీ క్యాప్ వెతుక్కుంటాడు. ఆ తర్వాత పని ఆదివారం అనుబంధాలు, యూట్యూబ్ చానెళ్లు అందుకుంటాయి. వింటర్ అనే మాటను చలికాలం అని తెనిగించేస్తే పని అయిపోయిందనుకుంటారు. మాట తర్జుమా అయింది. చలి మాత్రం అక్కడే ఉండిపోయింది.

అంకెలు చూద్దాం, వీటికి పక్షపాతం తక్కువ. జనవరిలో మన తీరంలో తెల్లవారుజామున, అంటే రోజు మొత్తంలో అతి చల్లని ఘడియలో, మామూలుగా 18, 19 డిగ్రీలుంటుంది. మధ్యాహ్నానికి 29, 30కి ఎగబాకుతుంది. ఇప్పుడు గోల్ఫ్‌కు పుట్టిల్లని పేరున్న స్కాట్లండ్ ఊరు సెయింట్ ఆండ్రూస్ సంగతి. అక్కడ నడివేసవి జూలై. ఆ నెలలో పట్టపగలు సగటున చేరే గరిష్ఠం 19 డిగ్రీల చుట్టుపక్కలే. 2022 జూలైలో 150వ ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఆ ఊళ్లోనే జరిగింది. ప్రపంచంలోని పేరుమోసిన ఆటగాళ్లంతా ఎండాకాలం వచ్చిందన్న సంతోషంతో అక్కడికి చేరారు. అంటే వాళ్ల నడివేసవి మధ్యాహ్నం మన నడిచలికాలపు కోడికూత వేళతో సమానం. వాళ్లు ఏ వేడిలో ప్రపంచ స్థాయి పోటీ పెట్టుకుంటారో, ఆ వేడిలో మనం శాలువా కప్పుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, ఆఫ్ సీజన్ కసరత్తు పాఠం వింటాం. చలిలో బంతి తక్కువ దూరం పోతుందన్న మాట నిజమే. చల్లగాలి చిక్కన, పైగా చల్లబడ్డ బంతికి ఎగిరే గుణం తగ్గుతుంది. మన పది డిగ్రీల తేడాకు పోయేది మహా అయితే నాలుగైదు గజాలు. ఆ నాలుగు గజాల కోసం నాలుగు నెలలు ఇంట్లో కూర్చోమనడం, ముక్కు మీద ఈగ వాలిందని రోకలి ఎత్తడంలాంటిది.

ఇంతకన్నా పెద్ద తమాషా ఈ ఆట పుట్టుకలోనే ఉంది. గోల్ఫ్ మొదట చలికాలపు ఆటే. స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో ఎండాకాలం గడ్డి మోకాలెత్తు పెరిగేది. అందులో పడ్డ బంతి పడ్డట్టే. చలికి గడ్డి చచ్చి నేల బయటపడ్డాకే కర్రలు బయటికి తీసేవాళ్లు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషువాడు గడ్డి కోసే యంత్రం కనిపెట్టాడు. అలాంటి యంత్రాలు వాడుకలోకి వచ్చాకే వేసవి గోల్ఫ్ అనేది కుదిరింది. అంతకు ముందు 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు గీసిన బొమ్మల్లో జనం గడ్డకట్టిన కాలువల మీద నిలబడి కర్రలతో బంతి కొడుతుంటారు. వాళ్లు దాన్ని కోల్ఫ్ అన్నారు. బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ 1890లలో అమెరికాలోని వెర్మాంట్‌లో కాపురముంటూ, మంచులో బంతి కనపడదని దానికి ఎర్రరంగు పూసి ఆడేవాడు. మన ఎండలో పుట్టినవాడు ఆ మంచులో దిగి ఆడాడు. మంచే లేని ఊళ్లో ఉన్నవాళ్లం మనం మంచు కరిగేదాకా ఆగుతున్నాం. పిల్లి శాకాహారం మీద ప్రవచనం విని కుందేలు ఉపవాసానికి దిగినట్టుంది వ్యవహారం.

చలికాలంలో ఒళ్లు కదలదన్న మాట చీరాలలో ఎవరికి చెప్పాలో కాస్త ఆలోచించుకోవాలి. కార్తీక పౌర్ణమినాడు వాడరేవులో, సూర్యలంకలో తెల్లవారకముందే వేలమంది సముద్రంలో దిగి మునుగుతారు. అందులో డెబ్భై ఏళ్ల ముత్తయిదువలే ఎక్కువ. అదే నెలలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు రెండు పూటలా చన్నీళ్ల స్నానం, ఉత్త కాళ్ల నడక, నేల మీద పడక. దీన్నే ఇంగ్లీషులో చెప్పి, పక్కన ఒక గడియారం అమ్మితే ఈపాటికి సిలికాన్ వ్యాలీలో శిబిరాలు వెలిసేవి. ధనుర్మాసం నెల రోజులూ ఇల్లాళ్లు నాలుగింటికే లేచి కళ్లాపి చల్లి, నడుం వంచి, గొంతుకూర్చుని, పక్కకు జరుగుతూ వాకిలంతా ముగ్గేస్తారు. గోల్ఫ్ గురువులు తుంటి కీలు వదులు కావడానికి డబ్బు తీసుకుని చెప్పే భంగిమలు అందులో సగం ఉన్నాయి. హరిదాసు తల మీది అక్షయపాత్ర తొణక్కుండా ఊరంతా తిరుగుతాడు. స్వింగ్ కొట్టేటప్పుడు తల కదపకూడదని గోల్ఫ్ నేర్చుకునేవాడికి మొదటిరోజు నుంచి చెబుతారు కదా, ఆయన్ని చూపిస్తే సరిపోతుంది. చీరాల చుట్టూ పొగాకు చేలల్లో జనవరికల్లా రెలుపులు మొదలవుతాయి. వంగిన నడుం సాయంత్రందాకా లేవదు. జాండ్రపేటలో గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడి కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, చేయి నాడె విసురుతూనే ఉంటుంది. వీళ్లెవరూ శీతాకాలపు ఫిట్‌నెస్ ప్రణాళిక రాసుకోలేదు. నేతపనిలో వెన్ను నొప్పులు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఆ శ్రమను వ్యాయామమని పొగడటం న్యాయం కాదు. కానీ చలికాలంలో శరీరం మూత పడుతుందన్న సిద్ధాంతం మాత్రం వీళ్ల ముందు నిలబడదు.

అసలు ఆఫ్ సీజన్ అనేది మనకు లేదా అంటే, ఉంది. ఎప్పుడో ప్రభుత్వమే గెజిట్‌లో వేసి మరీ చెబుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ వాడరేవులో పడవలు ఒడ్డెక్కుతాయి. వలలు బాగు చేసుకుంటారు, ఇంజన్లు విప్పి చూసుకుంటారు, చెక్కకు రంగు వేస్తారు. ఆట లేని కాలంలో సరంజామా సిద్ధం చేసుకోవడమంటే అదీ. రోహిణి కార్తెలో ఎండ 40 దాటి, ఉక్కపోతకు గాలి ఆడక, ఉదయం ఎనిమిదికే రోడ్లు ఖాళీ అవుతాయే, ఇంట్లో ఫ్యాను కింద కాళ్లూ చేతులూ కదిపే సాధన అప్పటికి పనికొస్తుంది. నేతగాళ్లకు ఇంకో ఆఫ్ సీజన్ ఉంది, తుఫాను వానలకు మగ్గం గుంటలో నీళ్లూరి, పడుగుకు పెట్టిన గంజి ఆరక పని ఆగిపోయిన రోజులు. అది ఆకలితో కూడిన ఆఫ్ సీజన్, దాని గురించి ఏ యాప్ కూడా గంట కొట్టదు. ఈ రెంటికీ కారణం ఇక్కడి నేల, ఇక్కడి నీరు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆఫ్ సీజన్ అనడానికి మాత్రం ఇక్కడ ఏ కారణమూ లేదు. అది మిన్నియాపాలిస్ సెలవుల పట్టిక.

దీనికి డాక్టర్లు ఒక అభ్యంతరం చెబుతారు, అది తోసిపుచ్చేది కాదు. చలికి రక్తనాళాలు కుంచించుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె జబ్బున్నవాళ్లు, ఉబ్బసమున్నవాళ్లు తెల్లవారుజామున జాగ్రత్తగా ఉండాలి. వేడి దేశాల్లో ఉన్నవాళ్లకు కొద్దిపాటి చలే ఎక్కువ అనిపిస్తుందన్నదీ నిజమే. పందొమ్మిది డిగ్రీలకు అలవాటుపడ్డ స్కాట్లండ్ ఒళ్లూ, ముప్పై అయిదుకు అలవాటుపడ్డ చీరాల ఒళ్లూ ఒకటి కాదు. ఒప్పుకుందాం. అయితే దానికి మందు ఏమిటి? అయిదింటికి బదులు ఏడింటికి బయలుదేరడం. మొదటి పది నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్లు వేడెక్కాక వేగం పెంచడం. మాత్రలు మానకుండా వేసుకోవడం. ఏడున్నరకల్లా మన ఊళ్లో ఎండ వీపుకి తగులుతుంది, స్వెట్టర్ చేతి మీదకి వస్తుంది. రెండు గంటలు ఆలస్యంగా వెళ్లమన్న సలహాను నాలుగు నెలలు వెళ్లొద్దన్న సలహాగా మార్చింది వైద్యం కాదు. ఇక ఢిల్లీలో శీతాకాలం పొగ గురించి చెప్పే జాగ్రత్తలు ఢిల్లీకి సరైనవే. సముద్రపు గాలి వీచే మన ఊళ్లో ఆ బాధ భోగినాడు ఎవరో టైరు తెచ్చి మంటలో వేసినప్పుడే. దాన్ని ఆపడానికి ట్రెడ్‌మిల్ అక్కర్లేదు.

మరొకరంటారు: ఎలాగో ఒకలా కదులుతున్నారు కదా, ఇంట్లో అయితేనేం, బయట అయితేనేం, ఎందుకీ ఎకసెక్కం? నిజంగా కదిలితే ఎకసెక్కమే లేదు. చిక్కంతా కాలం లెక్కలో ఉంది. మనకు ఏడాదిలో హాయిగా ఆరుబయట చెమటోడ్చగలిగిన రోజులు మూడు, మూడున్నర నెలలు. ఆ మూడు నెలలనూ ఇంటి లోపలికి తోసి, వసంతం వచ్చాక బయటికి రమ్మంటే, మన వసంతం వెనకే వచ్చేది వడగాలి. ఉగాది పచ్చడి తిన్న మనిషి ఉత్సాహంగా బూట్లు కట్టుకుని గుమ్మం దాటేసరికి ఎండ దెబ్బ హెచ్చరిక మోగుతుంది. దాంతో మళ్లీ లోపలికి. పన్నెండు నెలలూ గడప లోపలే గడిచిపోతాయి. పైగా గోల్ఫ్ సాధన అంటే ఖర్చుతో కూడిన మాట. తివాచీ మీద పటింగ్ చేయమన్నవాడికి చీరాల హాల్లో తివాచీ ఉండదని, చీమకుర్తి నుంచి వచ్చిన నున్నటి గ్రానైట్ ఉంటుందని తెలియదు. దాని మీద తోసిన బంతి గుంట దగ్గర ఆగదు, ఫ్రిజ్ కింద ఆగుతుంది. అప్పుడు ఆకుపచ్చ చాప ఒకటి కొనాలి. చాప కొన్నాక చాపకి తగ్గ కర్ర. కర్ర కొన్నాక ఊపు లెక్కబెట్టే మీటరు. ఊరి చివర వాడరేవు ఇసుక మాత్రం ఉచితంగా పడి ఉంది. ఇసుకలో నడక కాలి పిక్కలకు, చీలమండలకు ఎంత పని చెబుతుందో ఒకసారి కిలోమీటరు నడిస్తే చాలు, మీటరు చెప్పక్కర్లేదు.

గోల్ఫ్‌నే నమ్ముకున్నవాళ్ల పక్షాన ఒక్క మాట. మన రాష్ట్రాల్లో ఆ ఆట కొత్తదేమీ కాదు. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా గోడల మధ్య పచ్చిక పరిచి ఆడుతున్నారు. ఆ మైదానాలు డిసెంబర్‌లో మంచు పడి మూత పడవు. అప్పుడే ఉదయం పూట పద్దెనిమిది గుంటలూ నడిచి తిరిగి రాగలిగిన వాతావరణం ఉంటుంది, అంటే ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు నడక. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే కుర్రాడు ఆడాలనుకుంటే ఆడే కాలమిదే. అతనికి అక్కడి పుస్తకంలో ఆఫ్ సీజన్ అని రాసుంటే, రేణిగుంట, గన్నవరం, శంషాబాద్ ఎక్కడ దిగినా దిగగానే ఆ పేజీ చింపేయడం మంచిది. బస్సు దిగి ఇంటికొచ్చాక నాన్నను కూడా వెంటబెట్టుకుని వాడరేవు వెళ్లాలి. మైదానం లేకపోతే ఏం, ఆ ఇసుకలో చిన్నప్పుడు ఆడిన గోలీగుంట, బిళ్లంగోడు మిగిలే ఉన్నాయి. ఒకదాంట్లో గుంటలో వేయడం, ఇంకోదాంట్లో కర్రతో దూరం కొట్టడం. ఆ రెంటినీ కలిపి టోపీ పెడితే గోల్ఫ్.

చీరాల రైల్వే స్టేషన్ నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు, ఆటోలు తెల్లారకముందే దొరుకుతాయి. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటిదాకా సీజనే.