బ్రహ్మచారుల డైపర్లు

పక్కింటివాళ్లు చెత్త గురించి ఫిర్యాదు చేస్తే హైదరాబాద్‌లో ఇంటి ఓనరు వేసే మొదటి ప్రశ్న "ఎవరు?" అని. చెత్త ఎక్కడ పడింది, ఎందుకు పడింది, మూడు రోజుల నుంచి బండి ఎందుకు రాలేదు, అసలు మెట్ల కింద ఒక డబ్బా అంటూ ఉందా లేదా, ఇవన్నీ తర్వాత చూసుకునే సంగతులు. తర్వాత చూసుకుందాం అంటే ఏమిటో మనకు తెలుసు. ఆ 'ఎవరు'కి మాత్రం జవాబు ఎప్పుడూ రెడీగా ఉంటుంది. పైనున్న బ్యాచిలర్లు.

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో నూట యాభై గజాల ఇళ్లున్న పెద్దమనుషులందరికీ ఇది తిరుగులేని సిద్ధాంతం. కింద ఓనరు, మొదటి అంతస్తులో రెండు పోర్షన్లు, రెండో అంతస్తులో మరొకటి, ఆ పైన పర్మిషన్ కాగితంలో కనపడని పెంట్‌హౌస్. ఆ పెంట్‌హౌస్‌లో నలుగురు కుర్రాళ్లు. ఫ్యామిలీకైతే పన్నెండు వేలకు పోయే గది వాళ్లకు పదహారు వేలు. పైన కట్టే ఆ నాలుగు వేలు దేనికయ్యా అంటే, పెళ్లి కానందుకు. అద్దె దగ్గర వాళ్లు బంగారు బాతులు. వీధిలో కవరు కనపడితే మాత్రం అమ్మానాన్నల అదుపు లేని ఆవారాగాళ్లు.

మా వీధిలో ఒకావిడ ఈ మధ్య పక్కింటి ఓనరుగారిని గేటు దగ్గరే పట్టుకుంది. "ఏం సార్, మీ పోరగాళ్లు దినాం చెత్త తెచ్చి మా గోడకానిచ్చి ఏస్తున్నరు. కుక్కలు చింపి బజారంతా చేస్తున్నయి. మీరు చెప్తరా, మమ్మల్నే చెప్పుకోమంటరా?" అని గట్టిగానే అడిగింది. ఆయన చేతులు రెండూ జోడించి, "అయ్యో, నేను చెప్తానమ్మా, గట్టిగా చెప్తాను" అన్నాడు. ఇక్కడితో పరిష్కారంలో ముప్పాతిక భాగం అయిపోయింది. మిగిలిన పావు భాగం రాత్రి పదకొండింటికి టెనెంట్ల వాట్సాప్ గ్రూపులో పడింది. పరిశుభ్రతే దైవం అని సూర్యోదయం బొమ్మ మీద రాసిన ఫార్వర్డు, కింద నమస్కారం. ఇద్దరు బొటనవేలు చూపించారు. ఒకడు "నోటెడ్ అంకుల్" అన్నాడు. ఆ టైముకు ఆ కుర్రాడు అమెరికా వాళ్లతో కాల్‌లో ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. అక్కడ కూడా నోటెడ్ అనే అంటున్నాడట.

మర్నాడు మెట్ల దగ్గర ఎర్ర స్కెచ్‌పెన్నుతో కాగితం వెలిసింది. 'చెత్త బయట వేసినచో రూ. 500 జరిమానా. ఇట్లు, యాజమాన్యం.' యాజమాన్యం అంటే ఓనరుగారూ, వాళ్లావిడా. రెండోవారికి ఈ జరిమానా సంగతి తెలియదు. తెలిస్తే మొదట వసూలు చేయాల్సింది ఎవరి దగ్గరో ఆవిడే చెప్పేది.

కాగితం పని చేయలేదు. దేవుళ్లొచ్చారు. గోడకు షిర్డీ బాబా, వెంకటేశ్వరస్వామి, పక్కనే శిలువ, ఆ పక్కన మసీదు గోపురం, నాలుగు టైళ్లు అంటించారు. ఏ సర్వమత సమ్మేళనంలోనూ ఇంత సఖ్యంగా పక్కపక్కన నిలబడి ఉండరు పాపం. ఆ రాత్రి నుంచి చెత్త రెండడుగులు ఎడమకు జరిగింది. మనవాళ్ల భక్తి ఎక్కడిదాకా పని చేస్తుందో కచ్చితంగా కొలిచి చెప్పొచ్చు. టైలు అంచుదాకా. కార్పొరేషన్ వాళ్లకూ ఇలాంటి నమ్మకమే ఒకటుంది. మాటిమాటికీ చెత్త పడే చోటుకు వాళ్లు 'జీవీపీ' అని పేరు పెట్టుకుని, శుభ్రం చేసి, అక్కడ ముగ్గు వేయించి పోతుంటారు. పొద్దున ముగ్గు, సాయంత్రానికి ముగ్గు మీద కవరు. ముగ్గు వేసిన పారిశుద్ధ్య కార్మికురాలే మర్నాడు ఆ కవరూ ఎత్తాలి.

చివరి అస్త్రం సీసీ కెమెరా. ఎనిమిది వేలు పెట్టి బిగించారు. ఫుటేజీ నన్నూ పిలిచి చూపించారు. రాత్రి పదిన్నరకు బండి ఆగుతుంది, చెయ్యి ఊగుతుంది, కవరు ఎగురుతుంది, బండి పోతుంది. నడిపేవాడికి హెల్మెట్, వెనక కూర్చున్నవాడికీ హెల్మెట్. ట్రాఫిక్ పోలీసులు ఇన్నేళ్లుగా సాధించలేనిది మా వీధి కెమెరా వారం రోజుల్లో సాధించింది.

"చూశారా, బ్యాచిలర్లే" అన్నాడు ఓనరుగారు.

"ఎట్లా తెలిసిందండీ?"

"బండి తోలే తీరు చూడండి."

సరే, బండి తీరు పక్కన పెట్టి కుప్ప తీరు చూద్దామని పొద్దున్నే పోయి నిలబడ్డాను. చెత్తకుప్పను చదవడం పెద్ద విద్యేం కాదు, ముక్కు మూసుకుంటే చాలు. పైన బిర్యానీ కవరు. సాలన్ పొట్లం సగం, పెరుగు పచ్చడి పొట్లం విప్పకుండానే, నిమ్మచెక్క, స్టేపుల్ కొట్టిన బిల్లు, బిల్లు మీద పేరు, పెంట్‌హౌస్ అని అడ్రసు. ఇది కుర్రాళ్లదే, అనుమానం లేదు. దాని కింద బంతిపూల దండలు, మామిడాకుల తోరణం, ఐదు కొబ్బరి చిప్పలు, ఖాళీ కర్పూరం డబ్బా. నలుగురు బ్రహ్మచారులు పెంట్‌హౌస్‌లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారనుకోవాలి. పక్కన అద్దం పగిలిన లక్ష్మీదేవి పటం, పడేస్తే పాపమని చెట్టు మొదట్లో ఆనించి పెట్టింది. ఇంకాస్త అవతల రెండు సిమెంటు సంచుల నిండా పగిలిన నీలం బాత్రూమ్ టైళ్లు. పోయిన నెలలో ఈ వీధిలో బాత్రూము బాగు చేయించుకున్నది ఒకే ఇల్లు. గేటు దగ్గర ఓనరును నిలదీసిన ఇల్లే అది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. టైళ్లు చెత్త కావు కదా, మెటీరియల్.

అన్నిటికన్నా అడుగున డైపర్లు. ఒకటి కాదు, నాలుగు. నలుగురు పెళ్లికాని కుర్రాళ్ల గదిలోంచి రోజూ డైపర్లు వస్తున్నాయంటే ఓనరుగారు కంగారు పడాల్సింది చెత్త గురించి కాదు.

ఇంతకీ ఇన్ని ఇళ్ల సరుకులో నేరం బ్యాచిలర్ల మీదికే ఎందుకు పోయింది? బిల్లు వల్ల. చెత్త మీద పేరు, అడ్రసు రాసి పారేసే అమాయకులు ఈ దేశంలో వాళ్లొక్కరే. వ్రతం చేసినవాళ్లు గోత్రం రాసిన చీటీ కుప్పలో వేయలేదు.

కుర్రాళ్లు చెత్త వేయలేదని నేను అనడం లేదు. వేశారు. ఎందుకు వేశారో తెలియాలంటే ఆటో దగ్గరకు పోవాలి. జీహెచ్ఎంసీ 2015లో స్వచ్ఛ ఆటోలు తెచ్చింది. బ్యాంకు లోను మీద డ్రైవర్లకే బండి ఇప్పించి, ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తుకోండి, నెలకింత అని ఇళ్ల దగ్గర తీసుకోండి అన్నారు. అంటే ఆటోవాడి బతుకు ఆ నెల డబ్బుల మీదే. బండి ఒకరోజు ఆరున్నరకు వస్తుంది, ఒకరోజు తొమ్మిదింటికి, ఒక్కోసారి రెండ్రోజులు రాదు. ఈల వేసే సమయానికి నైట్‌షిఫ్టు కుర్రాళ్లు అప్పుడే పడుకుని ఉంటారు. మూడంతస్తులు దిగేసరికి బండి సందు చివర. వీధి చివర ఒకప్పుడుండే చెత్తకుండీలను, కుండీలు లేని నగరం చేస్తామని తీసేశారు. కుండీ పోయింది, కుండీ ఉన్న చోటు మిగిలింది.

మా ఆటో అన్నను అడిగితే అసలు లెక్క బయటపడింది. "ఒక్కింటి పైసలిచ్చి ఐదిండ్ల చెత్త ఎత్తమంటే ఎట్లనే? నూరు రూపాలిస్తడు సారు. కింద ఆయన డబ్బా ఒక్కటే ఎత్తుత, పైనోళ్లది నాకు సంబంధం లేదు. డీజిలు ఆయన పోస్తడా?"

ఓనరుగారు ప్రతి పోర్షన్ దగ్గరా నెలకు ఐదు వందలు మెయింటెనెన్స్ కింద తీసుకుంటారు. నాలుగు పోర్షన్లకు రెండు వేలు. అందులోంచి మెట్ల మీద బల్బు వెలగాలి, మోటారు తిరగాలి, వారానికోసారి మెట్లు ఊడవాలి. ఆటోకు ఇంకో నాలుగు వందలు ఇస్తే కథ అక్కడితో సరి. అదే అన్నాను. "చెత్త మెయింటెనెన్స్‌లోకి రాదండీ, అది కార్పొరేషన్ సబ్జెక్టు" అన్నారాయన. మరి కార్పొరేషన్ 2015లో ఇంటింటికీ ఇచ్చిన రెండు డబ్బాలు, తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది, ఏవండీ? నగరమంతటా ఇరవై రెండు లక్షల ఇళ్లకు నలభై నాలుగు లక్షల డబ్బాలు పంచారు కదా? ఉన్నాయి, భద్రంగా ఉన్నాయి. ఆకుపచ్చదాంట్లో మిద్దె మీద కరివేపాకు మొక్క ఏపుగా పెరిగింది. నీలందాంట్లో బియ్యం.

చట్టం లేదా అంటే, నిక్షేపంలా ఉంది. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆవిడ ఈ చెత్త గురించే సుప్రీంకోర్టు తలుపు తట్టారు, 2000లో మొదటి నియమాలొచ్చాయి, 2016లో వాటిని తిరగరాశారు. చెత్తను మూడు రకాలుగా వేరు చేయాలి, వీధిలో పారేయకూడదు, కాల్చకూడదు, కాలవలో వేయకూడదు, సేవకు రుసుము కట్టాలి, అని అప్పుడే చెప్పారు. నివాసుల సంఘాలకు, ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలకు, హోటళ్లకు విడివిడిగా బాధ్యతలు రాశారు. నూట యాభై గజాలంటే నూట పాతిక చదరపు మీటర్లు. సంఘం లేదు, వాచ్‌మన్ లేడు, సెక్రటరీ లేడు. నగరంలో సగం బతుకు ఇలాంటి ఇళ్లలోనే నడుస్తుంటే, ఓనరు మాత్రం అద్దె రోజున యజమాని, చెత్త రోజున పొరుగువాడు. ఒకాయనైతే డాలస్ నుంచి కెమెరాలో చూస్తూ ఇంటిని నడుపుతున్నాడు. మన పొద్దున ఫిర్యాదు పోతే అక్కడ రాత్రి. ఆయన లేచేసరికి ఇక్కడ కుక్కల పని పూర్తవుతుంది.

ఆంధ్రలో నెలనెలా కట్టే ఈ రుసుము రాజకీయమే అయి కూర్చుంది. 2021 అక్టోబర్ 2న విజయవాడలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో జెండా ఊపి చెత్త బండ్లు పంపారు. వసూళ్లకు జనం చెత్త పన్ను అని పేరు పెట్టారు, ఎన్నికల సభల్లో ఆ పేరే మోగింది. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో రద్దు ప్రకటించారు. బండ్లు పంపిందీ గాంధీ జయంతి నాడే, రద్దు చెప్పిందీ గాంధీ జయంతి నాడే. చీపురు పట్టి ఫొటో దిగడానికి ఆయన పుట్టినరోజు మనకు రెండు విధాలా కలిసొచ్చింది.

నేను ఓనరుగారికి ఓ చిన్న సలహా ఇచ్చాను. మెట్ల కింద మూతలున్న రెండు డ్రమ్ములు పెట్టండి, ఏ రాత్రి ఎవరు వచ్చినా అందులో వేసుకుంటారు, పొద్దున ఆటో అన్న గేటు తీసుకుని ఎత్తుకుపోతాడు, ఐదిళ్ల డబ్బులు ఒక చోటే ఇచ్చేయండి, అని. ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఇంట్లో పెడితే వాసన రాదూ?" అన్నాడు.

వాసన ఇంట్లో రాకూడదు కాబట్టి చెత్త వీధిలో ఉండాలి. వీధిలో ఉన్నది కాబట్టి ఎవరో వేసుండాలి. ఎవరో వేశారు కాబట్టి వాళ్లను ఖాళీ చేయించాలి. ఈ తర్కంలో ఎక్కడా ఒక డ్రమ్ము పట్టేంత సందు లేదు.

ఖాళీ చేయించారు కూడా. నెలాఖరుకు కుర్రాళ్లు నాలుగు సూట్‌కేసులు, ఒక గ్యాస్ స్టవ్వు ఓలా ఆటోలో పెట్టుకుని మధురానగర్ వెళ్లిపోయారు. అడ్వాన్సులో పెయింటింగు కింద ఒక నెల అద్దె, 'శానిటేషన్' కింద మూడు వేలు కోశారు. ఆటో అన్నకు నెలనెలా ఇవ్వనిది నాలుగు వందలే. గేటుకు కొత్త టు-లెట్ బోర్డు కట్టారు. 'ఓన్లీ ఫ్యామిలీస్. నో బ్యాచిలర్స్. వెజ్ వారికి ప్రాధాన్యం.' పదిహేను రోజుల్లో కుటుంబం దిగింది, భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, అద్దె పదమూడు వేలు. బిర్యానీ బిల్లులు ఆగిపోయాయి. ఇప్పుడు కవర్లలో పప్పు చారు, టమాటా తొక్కలు, హోంవర్కు చింపిన కాగితాలు. బాత్రూమ్ టైళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

పక్కింటావిడ మళ్లీ గేటు దగ్గర పట్టుకుంది. "ఏం సార్, పోరగాళ్లు పోయిన్రు గదా, మళ్ల గిదేంది?"

ఓనరుగారు కాసేపు ఆలోచించాడు. "ఫ్యామిలీయేనమ్మా, మంచివాళ్లే. కాకపోతే ముగ్గురూ మగపిల్లలు."