ఎవరి నోరు, ఎవరి బీరు?

ఫుట్‌బాల్ స్టేడియంలో ఏం అమ్మాలో తేల్చేది తాగేవాడనుకుంటే మీరు ఉత్త అమాయకులు. బ్రెజిల్ తన స్టేడియాల్లో 2003 నుంచి ఉన్న మద్యం నిషేధాన్ని 2014 ప్రపంచకప్ కోసం చట్టం చేసి మరీ పక్కన పెట్టింది. ఫిఫాకు బీరు స్పాన్సర్ అంత ముద్దు మరి! అదే ఫిఫా ఖతార్ ముందు చేతులు కట్టుకుంది. 2022 నవంబరు 20న పోటీలు మొదలనగా 18న స్టేడియాల్లో బీరు బంద్. మామూలు జనానికి మిగిలింది మత్తులేని బడ్‌వైజర్ జీరో. వీఐపీ గదుల్లో మాత్రం గ్లాసులు నిండుతూనే ఉన్నాయి.

లోకమంతా నోరెళ్లబెట్టింది గానీ, మన కడప జిల్లా పెద్దముడియం మందుబాబుకు ఇందులో వింతేముంది? 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు సర్కారు మద్యం దుకాణం ముందు నిలబడి, అడిగిన బ్రాండు దొరక్క ‘బూమ్ బూమ్’ బీరుతో ఇంటికెళ్లిన అనుభవజ్ఞుడాయన. (ఇప్పుడు ప్రైవేటు షాపులొచ్చాయి, 99 రూపాయల క్వార్టరూ వచ్చింది లెండి.)

ఫిఫా పెద్దలారా, ఈసారి స్టేడియంలో ఏం అమ్మాలో జాబితా రాసేముందు మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పందేలకు రండి. మజ్జిగ ఉంటుంది, గోలీసోడా ఉంటుంది. వీఐపీలకు వేరే గ్లాసు మాత్రం అడక్కండి.