1.27 హెన్రీల ఫిర్యాదు

ప్యాపిలిలో సొంత ఇల్లుండి, కరెంటు బిల్లు ఏనాడూ బాకీ పెట్టని మనిషి చేసుకుంటున్న మనవి ఇది. మూడు రోజులుగా మా వరండాలో ట్యూబ్‌లైటు లేదు, నా బండిలో బ్యాటరీ లేదు. దొంగతనమని కేసు పెడదామంటే, దొంగ మా ఇంట్లోనే అన్నం తింటోంది.

మా పాప డిగ్రీలో ఫిజిక్సు. తీగచుట్ట స్వయంప్రేరకత్వం కొలిచి రికార్డు రాయాలట. కాలేజీలో ఉన్నది ఒకటే ఆండర్సన్ బ్రిడ్జి. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, గుయ్‌మనే చప్పుడు సన్నగిల్లేదాకా పెట్టెలో నిరోధాలు మారుస్తూ కూర్చోవాలట. ఈమె వంతు వచ్చేసరికి గంట కొట్టేశారు. "పోనీలే నాయనా, ట్యూబ్‌లైటు చోకు కూడా తీగచుట్టే కదా" అంది. ఆ మాటకు అర్థం సాయంత్రం స్విచ్చి వేశాక తెలిసింది.

వైండింగ్ షాపు నుంచి మీటరు అరువొచ్చింది. చోకును బండి బ్యాటరీకి కలిపితే 12 వోల్టులకు 0.3 ఆంపియర్లు, అంటే నిరోధం 40 ఓమ్‌లు. పాత ట్రాన్స్‌ఫార్మరు నుంచి అవే 12 వోల్టులు ఏసీ ఇస్తే 0.03! మిగతా తొమ్మిది వంతులు ఎవరు తిన్నారని నిలదీశాను. ఎవరూ తినలేదట. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటుకు చోకు అడ్డం పడుతుందట. 12ను 0.03తో భాగిస్తే వచ్చే 400 వర్గంలోంచి 40 వర్గం తీసేసి, వర్గమూలం కట్టి, ఆ 50 సార్ల లెక్కన వచ్చే 314తో భాగిస్తే స్వయంప్రేరకత్వం 1.27 హెన్రీలని తేలింది.

ఇక నా తప్పు. 12 వోల్టులేం చేస్తాయిలే అని, మళ్లీ బ్యాటరీకి కలిపిన చోకు తీగలు రెండూ చేత్తో పట్టుకున్నాను. పాప బ్యాటరీ క్లిప్పు ఊడబెరికింది. మోచేతులదాకా జివ్వుమని, కాఫీ గ్లాసు గోడకు తగిలింది. "అదే నాయనా! కరెంటు తెగితే చోకు ఊరుకోదు. స్టార్టరు తెంచినప్పుడు ట్యూబు వెలిగేదీ ఆ దెబ్బకే!" ఆ సాయంత్రం వరండాలో వెలుగంటూ ఉంటే ఆ పిల్ల ముఖంలోనే.

పొడవాటి తీగను బ్యాటరీ నుంచి విడదీస్తే వచ్చే మెరుపు గురించి 1832లోనే అమెరికాలో జోసెఫ్ హెన్రీ రాశాడట. మెరుపు చూసినాయన పేరు కొలతకు పెట్టారు. దెబ్బ తిన్న నాకు రెండో గ్లాసు కాఫీ కూడా పోయలేదు.

బ్యాటరీ ఆ రాత్రి చోకుకే తగిలించి మరిచిపోతే పూర్తిగా దిగిపోయింది. డోన్ పోవాలంటే బస్సే గతి. చోకేమో సారుకు చూపించాలని కాలేజీకెళ్లింది. దుకాణాల్లో అడిగితే ఎల్ఈడీ గొట్టాలు చూపిస్తున్నారు. ఎవరి అటక మీదైనా 40 వాట్ల పాత చోకు ఉంటే దయచేసి చెప్పి పంపండి. తీగలు మాత్రం నేను పట్టుకోను.