గుంపు విడిన బాతు: సటీక తాత్పర్యం

మూలం: గుంపు విడిన పెంపుడు బాతు అరచును, తిరుగును, తినదు, తోడు దొరకిన ఊరకుండును.

అవతారిక: రంగం ఢిల్లీ పరిసరం. నోయిడాలో ఒక మేడ మీద రెండు బాతులు. ఒకదానికి కాలు వాచింది. చాందినీ చౌక్ లాల్ మందిర్‌లోని పక్షుల ఆసుపత్రికి చేర్చారు. ఇంటి దగ్గర మిగిలినదాని అవస్థే ఈ వాక్యానికి విషయం.

టీక:

పెంపుడు = మనిషి పెట్టిన మేత తినునది. మేత మారినా గుంపు బుద్ధి మారదు. గోదావరి డెల్టాలో కోతలైన వరిచేల వెంట కాపరి వందల బాతులను ఒక్క కర్రతో తోలుకుపోగలగడం ఆ బుద్ధి చలవే.

అరచును = ఆడదైతే, వీధంతా వినబడేలా. మగబాతు శబ్దపేటికలో ఎడమవైపు ఎముక బుడగ ఒకటి ఉంటుంది గనుక దానిది బొంగురు గొంతు; పొరుగు ఫ్లాట్ల ఫిర్యాదులన్నీ ఆడబాతు ఖాతాలోకే. జతకు దూరమైన ఆడది మొదటి కేక గట్టిగా వేసి, తరువాతివి ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పోతుంది. అలసట కాదు, ఆ పిలుపు తీరే అంత.

తిరుగును = కంచె వెంట, అటూ ఇటూ.

తినదు = శోకమని కొందరు. తల దించితే కాపలా ఎవరు కాస్తారన్నది మరింత దగ్గరి అర్థం. 1999లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో బాతులను నాలుగేసి వరసలో ఉంచారు. కొసనున్నవి తరచుగా బయటివైపు కన్ను తెరిచి, సగం మెదడు మేలుకొనే నిద్రపోయాయి. ఒంటరి బాతుకు రెండు పక్కలా కొసే.

పూర్వపక్షం: ఇది విరహమే; కావ్యాల్లో జక్కవలు రేయంతా ఎడబాసి వగచును గదా? జక్కవ బాతు కుటుంబానిదే, నిజమే; చలికాలంలో ఓఖ్లా దగ్గర యమునలో కనబడుతుంది కూడా. కాని కవులు జంటనే చూశారు. పెంపుడు బాతుకు జత గుర్తున్నా, మరో బాతు దొరికితే మామూలుగా కుదుటపడుతుంది. కావ్యనాయికకు ఈ వెసులుబాటు లేదు.

విశేషం: ఒంటరిగా కొన్న పసిపిల్ల విషయంలో "గుంపు" అంటే యజమాని. గుడ్డు పగిలిన తొలి గంటల్లో కదిలేదేది కనబడితే దాని వెంట బాతుపిల్ల పడుతుంది. 13 నుంచి 16 గంటల మధ్య ఈ ముద్ర బాగా గట్టిపడుతుందని 1950లలో హెస్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఈ ముద్రను అంతకుముందే వర్ణించిన లోరెంజ్‌కు 1973లో నోబెల్ వచ్చింది. అటువంటి బాతుకు యజమాని గురుగ్రామ్ ఆఫీసుకు మెట్రో ఎక్కడమే విరహారంభం.

తాత్పర్యం: బాతును ఒంటరిగా పెంచరాదు, ఒకటి ఆసుపత్రికి పోతే, వీలుంటే రెండోదాన్నీ వెంట పంపాలి. అంటురోగమైతే ఇది చెల్లదు. 2021 జనవరిలో తూర్పు ఢిల్లీ సంజయ్ లేక్‌లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక అక్కడి బాతులను చంపవలసి వచ్చింది. మామూలు కుంటికాలుకైతే వల అడ్డం కట్టి, ఒకదానికొకటి కనబడేలా వినబడేలా ఉంచితే సగం కేకలు తగ్గుతాయి. చాలా రోజులు దూరమున్నది తిరిగొస్తే కౌగిలింతలు ఆశించకూడదు, ముక్కుపోట్లు తప్పకపోవచ్చు. అందుకని కొద్దిరోజులు వల తియ్యకుండా పక్కపక్కనే మేపి, ఆ తర్వాతే కలపాలి.