బేసి గిటారాయన

మా అనంతపురం పక్క ఏ ఊరి జాతరకైనా పోండి, గుడి గోడ మీద ఆర్కెస్ట్రా పోస్టరొకటి అంటించి ఉంటుంది. నడుమ మైకు పట్టుకున్న గాయకుడు, పక్కన పట్టుచీర గాయని, కింది వరసలో కీబోర్డు, ప్యాడ్స్, తబలా. ఎడమ మూలలో, ప్రెస్సువాడి ఫోన్ నంబరు వెనకాల, ఒక చెవీ కాస్త భుజమూ కనిపిస్తాయి. ఆ చెవి బేస్ గిటారాయనది.

ఈ జాతి మనిషి ప్రతి ట్రూపులోనూ ఒకడుంటాడు. డ్రమ్స్ పక్కన నీడలో నిలబడతాడు. నవ్వడు, ఎగరడు. కళ్లు మూసుకుని, ఎవరో చెప్పిన లెక్కకు ఒప్పుకుంటున్నట్టు తల మాత్రం ఆడిస్తుంటాడు. గాయకుడికి ఈలలు, గాయనికి నోట్ల దండ, కీబోర్డుకు చప్పట్లు. బేస్‌కు బేష్ అన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. పెళ్లిళ్లలో మరీ ఘోరం. భోజనానికి పిలవొచ్చిన పెద్దమనిషి అందర్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, చివర ఈయన దగ్గర ఆగి, "నువ్వు వ్యాను డ్రైవరువా అప్పా?" అంటాడు. మా ట్రూపులో బేస్ వాయించే మామ ప్రతిసారీ "ఊ" అనేవాడు. డ్రైవరుకు ముందు వడ్డిస్తారు మరి.

నేనా ట్రూపులో ప్యాడ్స్ వాయించేవాణ్ని. ఆయన నాకు చుట్టమేమీ కాదు, ట్రూపంతటికీ మామే.

పైగా ఆయనది సాక్ష్యం దొరకని కళ. బేస్ గిటారు అడుగు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అంత లోతు శబ్దం సెల్‌ఫోన్ స్పీకరు వల్ల కాదు. కాబట్టి మర్నాడు వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో అందరి వాద్యాలూ వినిపిస్తాయి, ఈయన వేళ్లు మాత్రం ఊరికే ఆడుతుంటాయి. "రాత్రంతా నిలబడి గోక్కుంటా ఉండావే, దురదా?" అని అత్త అడిగిందట. ఆయన ఫోన్లో 'గీతాంజలి' పాటలు పెట్టి, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "ఇళయరాజా పాటలో కింద ఒకటి నడుస్తా ఉంటాది, అది నా పని" అని చెప్పి చూశాడు. ఆమె పాటలన్నీ విని కళ్లు తుడుచుకుంది గానీ, కింద నడిచేదెవరో పోల్చుకోలేకపోయింది.

అట్లాంటి మనిషి చేతికి ఆ గిటారు వచ్చింది.

పాతది మా ఎండకు చచ్చిపోయింది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే, అన్న లెక్క మాది. గాలిలో తడి లేక గిటారు మెడ చెక్క కుదించుకుపోతుంది, దాని మీద అడ్డంగా పొదిగిన ఫ్రెట్లు లోహం కాబట్టి కుదించుకోవు. వేసవి వచ్చేసరికి వాటి కొసలు చెక్క అంచులు దాటి పొడుచుకొచ్చి, చెయ్యి జరిగినప్పుడల్లా రంపంలా గీరేవి. ఒక్కో పాట అయ్యాక మామ వేలు నోట్లో పెట్టుకునేవాడు. చివరికి మెడే వంగిపోయింది. బెంగళూరు పోయి, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఉందని ఇంకొకటి తెచ్చాడు. ఎందుకు చవకో సంచి విప్పగానే తెలిసింది.

దానికి తల లేదు. బిరడాలుండాల్సిన చోట ఎవరో నరికినట్టు మెడ ఆగిపోయింది. ఒళ్లూ లేదు. వంపుల నడుము బదులు ఒక నల్లటి పొడుగు పెట్టె. "మామా, సంగటి కెలికే కట్టె తెచ్చినావా?" అన్నాడు కీబోర్డాయన. గాయకుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని క్రికెట్ షాటొకటి కొట్టి చూపించాడు. తాడిపత్రి పక్క పల్లెలో మొదటి ప్రోగ్రాం. పాట నడుమ, ముందు వరస అవ్వ లేచి స్టేజీ దగ్గరికొచ్చి, "నాయనా, మిగిల్న ముక్క వ్యాన్లో మరిచిపోయినట్టుండావు" అంది. మైకు పట్టేసింది. పల్లె పల్లెంతా నవ్వింది.

ఇన్నేళ్లలో జనం ఆయన్ని చూడటం అదే మొదలు. ఆ రాత్రి వ్యాన్లో, "రేపే వాపసిస్తా" అన్నాడు. అమ్మినవాడు ఫోనెత్తలేదు.

ఈ మొండేన్ని పుట్టించింది నెడ్ స్టైన్‌బర్గర్ అనే అమెరికావాడు. వాద్యగాడు కాదు, కుర్చీలూ బల్లలూ రూపొందించే మనిషి. 1970లలో బ్రూక్లిన్‌లో స్టువర్ట్ స్పెక్టర్ అనే గిటార్ల తయారీదారు పక్కనే పనిచేస్తూ, బేస్ గిటారు ఎప్పుడూ తలవైపే ఒరిగిపోవడం గమనించాడు. బిరడాల బరువంతా అక్కడే మరి. బిరడాల్ని తోక దగ్గరికి మార్చి, ఇక పనిలేదని తల తీసేశాడు. చెక్క కూడా ఎందుకని కార్బన్ ఫైబరుతో పోత పోశాడు. ఎల్2 అనే ఆ మోడల్ 1980 ప్రాంతంలో బజారుకొచ్చింది. అసలు 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చి, మనిషెత్తు డబుల్ బేస్ మోసేవాళ్ల నడుములు కాపాడిన లియో ఫెండరూ గిటారు వాయించడం రానివాడే, రేడియోలు బాగుచేసుకునేవాడు. మామది స్టైన్‌బర్గర్ గిటారుకు చెక్క నకలు. ఈ కథంతా చెబితే ఆయన, "కుర్చీలోళ్లు చేసినారా? అయినా తొడ మీద కుదురుగా కూర్చోదే ఇది" అన్నాడు. నిజమే, నడుము వంపు లేక జారిపోతుంది.

మనసు మాత్రం భుజం దగ్గర మారింది. పాతదాని తల కిందికి వాలకుండా ఎడమచేత్తో ఎత్తిపడుతూ వాయించడం ఆయనకు అలవాటు. ఇది వదిలేసినా నిలబెట్టినట్టే నిలబడింది. కదిరిలో ప్రోగ్రామయ్యాక భుజం నొప్పి లేదని ఆయనకే అనుమానమొచ్చి రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. "ఈ ట్రూపులో తలబరువు లేంది ఇదొక్కటేరా" అన్నాడు, గాయకుడి వైపు చూడకుండా. తీగల నిడివి పాతదానంతే, 34 అంగుళాలు, తల పోయింది గనక పల్లెవెలుగు బస్సు పైఅరలో పడుకోబెట్టొచ్చు. కండక్టరు దాన్ని లగేజీ కిందే లెక్కెయ్యలేదు.

తీగలే పెద్ద తలనొప్పి. దీనికి రెండు కొసలా గుండ్లున్న తీగలు కావాలి, అవి మా ఊళ్లో దొరకవు. బేస్ తీగలు తెగడం అరుదు గానీ, చెమటా మురికీ పట్టి మూగబోతాయి. దానికి పేదవాడి వైద్యం ఒకటుంది, ఉడకబెట్టడం. మామ నాలుగు తీగల్నీ చుట్టలు చుట్టి రసం గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. కాసేపటికి నీళ్లు టీ రంగుకు తిరిగాయి, పైన జిడ్డు తేలింది. అత్త మూత తీసింది. "కుళాయి నాలుగు దినాలకొకసారి వస్తా ఉంటే, దీనికి వేన్నీళ్ల స్నానమా?" ఆ నీళ్లు పారబొయ్యడానికి మనసొప్పక, చల్లార్చి కరివేపాకు చెట్టుకు పోసింది. చెట్టుకేమీ కాలేదు.

అదే అత్త దసరా ఆయుధపూజ నాడు ఆయన్ని గట్టెక్కించింది. వాద్యాలన్నిటికీ తల మీద బొట్టు పెడుతూ వచ్చి, దీని దగ్గర మామ గంధం గిన్నెతో నిలబడిపోయాడు. నుదురేదీ? గిటారును అటూ ఇటూ తిప్పుతున్నాడు. "తల లేకుంటే బొడ్డుకు పెట్టు, అదీ మన బిడ్డే కదా" అంది అత్త. పెట్టాడు. తర్వాత ఎన్ని నెలలైనా ఆ పసుపు మరక తుడవలేదు.

అనంతపురంలో వాన రాకూడదని మొక్కుకునే పాపిష్టి జాతి ఏదన్నా ఉంటే అది మేమే. ముందు కూర్చున్న చెనక్కాయ రైతులు ఆకాశం వైపు చూసి దండం పెడతారు, స్టేజీ మీద మేం వైర్ల వైపు చూసి పెడతాం. ఆ ఏడు ధర్మవరం దగ్గర ఒక పల్లెలో వాళ్ల మొక్కే చెల్లింది. మూడో పాటకు ధారగా మొదలైంది. జనం ఒక్కరూ లేవలేదు, పాటకు ఆడనివాళ్లు వానకు ఆడారు. మేం యాంప్లిఫయర్ల మీద టార్పాలిన్లు లాగుతున్నాం. మామ గిటారును తువ్వాల్లో చుట్టి, చొక్కా విప్పి పైన కప్పి, భుజాన వేసుకుని గుడి అరుగెక్కాడు. మూడేళ్ల పిల్లాడంత ఉందది.

చీకట్లో అరుగు మీది అవ్వ ఆయన్ని చూసి కసిరింది. "తల కప్పప్పా, బిడ్డకు జలుబు చేస్తాది."

మామ తువ్వాలు కొస పట్టుకుని, తల ఉండాల్సిన చోటు మీదికి జాగ్రత్తగా లాక్కున్నాడు.