నాగిని ఏడోసారి పుట్టింది, బసవన్న ఇంకా లేవలేదు

నాగిని సీరియల్‌కు ఏడో సీజన్ కూడా వచ్చింది. పగ మాత్రం తీరలేదు. తీరిపోతే ఎనిమిదోది ఎట్లా తీస్తారు?

2015 నవంబర్‌లో హిందీలో మొదలైనప్పుడు కథ సుబ్బరంగానే ఉండింది. నాగమణి కోసం తల్లిదండ్రులను చంపినవాళ్ల ఇంట్లోకే శివన్య కోడలై దూరి, ఒక్కొక్కరి లెక్కా తేలుస్తుంది. డబ్బింగై తెలుగిళ్లలోకి పాకినాక, మా వీధి జేజి ఆ టయానికి పొయ్యి మీద పప్పు మాడినా లేచేది కాదు. రెండో సీజన్‌లో శివన్య చచ్చిపోయింది. మౌనీ రాయ్ మాత్రం చావలేదు. కూతురు శివాంగిగా అదే మొహమేసుకుని వచ్చేసింది. ‘తల్లి పోలిక బాగా దిగిందబ్బీ’ అని జేజి సర్దుకుంది.

2022 ఫిబ్రవరిలో ఆరో సీజన్ దిగేసరికి సొంత పగలన్నీ ఖర్చయిపోయినట్టున్నాయి, నాగినికి ఏకంగా దేశరక్షణ శాఖ అప్పజెప్పారు. చింగిస్తాన్ అనే పొరుగుదేశం మహమ్మారిని వదిలితే శేషనాగిని వచ్చి కాపాడాలి. పేరు మార్చి చెప్పినంత మాత్రాన ఆ దేశమేదో మనకు తెలియదని నిర్మాతల నమ్మకం. అంతకుముందు రెండేళ్లు జనం మూతులకు గుడ్డలు కట్టుకుని, సూదులు పొడిపించుకుని, ఆక్సిజన్ పడక కోసం ఊళ్లకూళ్లు తిరిగారు కదా, ఆ పాట్లన్నీ దేనికి? పుట్ట దగ్గర పాలు పోసి కబురు పెట్టుంటే సరిపోయేది. ‘పాము ఇంగ మిలిట్రీలో చేరినాదా?’ అని జేజి ఒకే మాట అడిగి రిమోట్ కింద పెట్టింది. దేశం మాత్రం పెట్టలేదు. ఆ సీజను 2023 జూలై దాకా నడిచింది, అంతకుముందు ఏదీ అంత కాలం నడవలేదు.

మా బనగానపల్లె వాళ్లకు ఈ నాగిని నచ్చకపోవడానికి కారణముంది. మాకు మహిమలు కొత్త కాదు. పక్కనే యాగంటిలో రాతి నంది, బసవన్న ఉన్నాడు. ఇరవై ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతాడని చెప్పుకుంటారు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటుండేదట. ఆ లెక్కన నాగిని ఏడు జన్మలెత్తిన పదేళ్లలో ఆయన సాధించింది అరంగుళం. ఆయనకున్న సీను కూడా ఒక్కటే, కలియుగాంతంలో లేచి రంకె వేయడం. దానికోసం కదలకుండా కూర్చున్నాడు. ఉరుము శబ్దంతో మూడు వైపుల నుంచి మూడుసార్లు మొహం చూపించాలన్న తొందర లేదు. శుక్రవారం ఎపిసోడ్‌లో కాలు కదిపినట్టు చూపించి, సోమవారానికి అది పూజారి కల అని తేల్చే అలవాటూ లేదు.

ఊళ్లో నవాబుగారి బంగళా ఉంది. ‘అరుంధతి’ అక్కడే తీశారు. 2009 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో పశుపతిని ప్రాణంతో సమాధి చేస్తారు, తరాల తర్వాత లేస్తాడు, మళ్లీ చస్తాడు. అంతా రెండు గంటల పైచిల్లరలో ముగించి కోడి రామకృష్ణ జనాన్ని ఇళ్లకు పంపేశారు. అదే సీరియల్ అయ్యుంటే సమాధికి ఇటుకలు పేర్చడానికే ఉగాది దాటేది. అయితే సినిమాకు రెండో భాగం లేకపోయినా బంగళాకు వచ్చిపడింది. ఇది 1948 దాకా ఇక్కడ ఏలిన నవాబుల కట్టడం. ఇప్పుడు ‘అరుంధతి బంగళా యాడ?’ అని అడిగేవాళ్లే గానీ నవాబు పేరెత్తేవాళ్లు లేరు. సినిమా కథ చూస్తే గద్వాలది. అంటే గద్వాల కథలో పుట్టిన దయ్యం, బనగానపల్లెలో అద్దె కట్టకుండా ఇల్లు స్వాధీనం చేసుకుంది. రెవెన్యూ రికార్డులు మార్పించుకోవడం ఒక్కటే మిగిలింది.

ముంబై వాళ్లను ఇంతగా ఆడిపోసుకుంటున్నాం గానీ, సాగదీతలో మనమేం తక్కువ తిన్లేదు. వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువులు కాస్తూ, మంద చుట్టూ గీత గీసి, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారు. రాసిన తాళపత్రాలను బనగానపల్లెలో చింతచెట్టు కింద పాతిపెట్టి, తన దారిన తాను కందిమల్లాయపల్లెకు వెళ్లిపోయారు. చెప్పదలచుకుంది ఒక్కసారి చెప్పారు, ముగించారు.

ఆయన ముగించినా మనం ముగించనివ్వలేదు. 2020లో కరోనా వచ్చీ రాగానే, కాలజ్ఞానంలోదంటూ ‘కోరంకి’ జబ్బు పద్యం ఫోన్లలోకి వచ్చింది. హిందీ వాళ్లకు మహమ్మారి మీద సీజన్ తీయడానికి రెండేళ్లు పట్టింది, వాట్సాప్‌లో మనవాళ్లు అదే వారంలో విడుదల చేశారు. నటీనటుల ఖర్చు లేదు, రచయితకు జీతం లేదు, పదిమందికి పంపితే పుణ్యం అదనం. వరద తగ్గాక వరద పద్యం దొరుకుతుంది. ఓట్ల లెక్కింపు అయిన సాయంత్రానికి గెలిచినాయన పద్యం దొరుకుతుంది. ఓడినాయన అనుచరుల దగ్గర అదే పద్యానికి వేరే అర్థం ఉంటుంది. ముందురోజు మాత్రం, ఎంత వెతికినా, ఒక్కటీ దొరకదు.

ఇక్కడి తోటల వాళ్లది చిన్న కోరిక. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ ధర ఎప్పుడు నిలుస్తుందో ఆ కాగితంలో రాయలేదు. ఈ ఏడు టన్ను ఎంత పలుకుతుందో స్వామివారు రాసిన పద్యం ఎవరి ఫోన్లోనైనా ఉంటే దయచేసి కోతకు ముందే పంపండి. కోతయిపోయి లారీలు వెళ్లిపోయాక అయితే అక్కర్లేదు, అది ఎలాగూ వస్తుంది.